టికెట్టు లేదు, తలకు 96 రూపాయలు: శ్రీహరికోట ప్రయోగ వీక్షణ గ్యాలరీ

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూడటానికి టికెట్టు లేదు. ముందుగా ఇస్రో వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డు వెంట తీసుకెళితే చాలు. ఉచితం అన్న మాట వినగానే నాకు అనుమానం పుడుతుంది. ముప్పై ఎనిమిదేళ్లు ట్రెజరీలో పనిచేశాను. జూనియర్ అకౌంటెంటుగా చేరి, సబ్ ట్రెజరీ అధికారిగా రిటైరయ్యాను. డబ్బు ఒక పద్దులో కనిపించకపోతే మరో పద్దులో ఉంటుందన్నది ఆ బల్ల దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం. అందుకే ఈ గ్యాలరీ టికెట్టు ఏ పద్దులో ఉందో ముందు వెతికాను.

లెక్క నా మనవరాలితో వేయించాను. తొమ్మిదో తరగతి పిల్ల, నెల్లూరు నుంచి సూళ్లూరుపేట దాకా కారులో ఫోను చూస్తూ ఖాళీగా కూర్చుంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో అంతరిక్ష శాఖకు కేటాయించింది 13,416 కోట్ల రూపాయలు. జనాభా 140 కోట్లు అనుకుంటే తలకు 96 రూపాయలు. "నెలకు ఎనిమిది రూపాయలు, అమ్మమ్మా" అంది. ఆ మొత్తానికి ఇప్పుడు మా వీధి చివర టీ కూడా రాదు. మొత్తం బడ్జెట్ 50.65 లక్షల కోట్లు కాబట్టి, కేంద్రం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో అంతరిక్షానికి వెళ్లేది సుమారు 26 పైసలు. మా ఇద్దరికీ కలిపి 192 రూపాయలు. కారు అద్దె, భోజనాలు వేరే. ఈ సమీక్ష ఆ 192 రూపాయలకు రాస్తున్నది.

నేను అక్కడికి వెళ్లడం ఇది రెండోసారి. గ్యాలరీని ప్రజలకు తెరిచింది 2019 ఏప్రిల్ 1న, పీఎస్‌ఎల్‌వీ-సీ45 రాకెట్ ప్రయోగంతో. అదే ఏడాది జూలైలో చంద్రయాన్-2 చూడటానికి మొదటిసారి వెళ్లాం. ప్రయోగం 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు. అప్పుడు ఎనిమిదేళ్ల ఈ పిల్ల నా ఒళ్లో నిద్రపోతోంది. చుట్టూ వేలమంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా లెక్కింపు ఆగిపోయింది. సాంకేతిక లోపం కనిపించిందనీ, ఆ రోజుకు ప్రయోగం లేదనీ ప్రకటించారు. జనం ఉసూరుమన్నారు. మా వెనక వరుసలో ఒకాయన, ఇంత దూరం రప్పించి ఇదా అని విసుక్కున్నాడు.

నాకు మాత్రం ఆ క్షణంలోనే ఆ సంస్థ మీద గౌరవం కలిగింది. ట్రెజరీలో పనిచేసిన వాళ్లకు మార్చి 31 రాత్రి ఎలా ఉంటుందో తెలుసు. అర్ధరాత్రి దాటితే నిధులు మురిగిపోతాయి. కౌంటరు అవతల అధికారులు, గుత్తేదారులు, పైనుంచి ఫోన్లు. ఆ ఒత్తిడిలో ఒక బిల్లు తీసి పక్కన పెట్టి, ఇందులో తేడా ఉంది, పాస్ చేయను అనడానికి వెన్నెముక కావాలి. అక్కడ 978 కోట్ల బిల్లు, దేశమంతా టీవీల ముందు కూర్చుని ఉంది. అయినా ఆపారు. వారం తర్వాత, జూలై 22 మధ్యాహ్నం అదే రాకెట్ సరిగ్గా లేచింది. సెప్టెంబరులో ల్యాండరు చంద్రుడి మీద కూలిపోయిందనుకోండి, అది వేరే సంగతి. కక్ష్యలో ఉన్న ఆర్బిటరు మాత్రం పనిచేసింది.

ఈసారి వెళ్లింది 2025 జూలై 30న. జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 మీద నిసార్ ఉపగ్రహం, సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు. సూళ్లూరుపేట దాటాక పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద వెళ్లాలి. నా లెక్కలో ఈ ప్రయాణానికి సగం విలువ ఆ రోడ్డుదే. చలికాలమైతే రెండు వైపులా రాజహంసలు కనిపిస్తాయి. జూలైలో నీరు తక్కువ, బురద నేల, గాలిలో ఉప్పు వాసన. పిల్లకు పక్షులు కనిపించలేదని కాస్త నిరాశ. పక్షుల కోసమైతే సంక్రాంతి ముందో వెనకో రండి.

ఆ రోడ్డు మీద వెళుతుంటే బడ్జెట్‌లో ఎప్పుడూ కనిపించని ఒక ఖర్చు గుర్తొచ్చింది. శ్రీహరికోట ఖాళీ దీవి కాదు. 1969లో రాకెట్ కేంద్రం కోసం దాన్ని ఎంపిక చేసేనాటికి అక్కడ యానాదులు ఉండేవారు. అడవి, సరస్సు వాళ్ల జీవనాధారం. భూమి తీసుకున్నాక చాలా కుటుంబాలను బయటికి తరలించారు, కొందరికి లోపలే చిన్న పనులు దొరికాయి. 1971 అక్టోబరులో ఆ నేల మీది నుంచి మొదటి రాకెట్ లేచింది. తలకు 96 రూపాయలని నేను గొప్పగా లెక్క వేశాను కానీ, వాళ్ల తలకు ఎంత పడిందో ఏ పద్దులోనూ దొరకదు. రాకెట్ చూడటానికి వెళ్లేవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకుని వెళితే బాగుంటుందని నా ఉద్దేశం.

ఇక గ్యాలరీ. స్టేడియంలా మెట్లు మెట్లుగా కట్టారు, పెద్ద తెరలున్నాయి. మోకాళ్ల నొప్పులున్న నాలాంటి వాళ్లు ముందుగా వెళ్లి కింది వరుసలు పట్టుకోవడం మంచిది. జూలై ఎండకు సముద్రపు ఉక్క తోడైతే ఎలా ఉంటుందో కోస్తా వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. నిరీక్షణ మాత్రం చాలాసేపు ఉంటుంది. పిల్లలు విసిగిపోతారు. మా పిల్ల ఈసారి విసగలేదు. పక్కన కూర్చున్న ఇంజినీరింగ్ విద్యార్థులతో కలిసి, రాకెట్ పైభాగంలో ఉండే, బాగా చల్లబరిచిన ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ దశ ఎన్నో నిమిషంలో మండుతుందో లెక్కలు వేస్తూ కూర్చుంది.

ప్రయోగం గురించి ఎంత రాసినా తక్కువే, అందుకని తక్కువే రాస్తాను. ముందు వెలుగు. దూరంగా చెట్ల వరుస పైన నారింజ రంగు నిప్పు నిశ్శబ్దంగా పైకి లేస్తుంది. చప్పుడు లేదేమిటి అనుకుంటుండగా, పది అంకెలు దాటాక అది వచ్చి తగులుతుంది. చెవులకంటే ముందు పక్కటెముకలకు తెలిసింది. నా చేతిలో ఉన్న నీళ్ల సీసా వణికింది. 51 మీటర్ల ఎత్తు, 420 టన్నుల బరువు ఉన్న వస్తువు మేఘాల్లోకి వెళ్లిపోవడానికి మా కళ్ల ముందు పట్టింది చాలా కొద్దిసేపు. మిగిలినది తెర మీద చూశాం. దాదాపు 19 నిమిషాలకు ఉపగ్రహం విడిపోయిందని ప్రకటించగానే వెనక వరుసల్లో ఈలలు, చప్పట్లు. నేనూ చప్పట్లు కొట్టాను. పదవిలో ఉండగా ఎవరి బిల్లుకూ చప్పట్లు కొట్టలేదు.

కొట్టిన చప్పట్లకు లెక్క చూసుకోవాలి కదా. నిసార్ అమెరికాతో ఉమ్మడిగా చేసింది. ఇస్రో పని వాటా సుమారు 788 కోట్ల రూపాయలని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అమెరికా వాటా వంద కోట్ల డాలర్లు దాటింది. మన వంతు తలకు అయిదు రూపాయల అరవై పైసలు. దానికి వచ్చేదేమిటి? ఆ ఉపగ్రహం రాడార్‌తో నేలను చూస్తుంది. రాత్రయినా, మబ్బు పట్టినా దానికి అడ్డు లేదు. పన్నెండు రోజులకోసారి భూగోళంలో దాదాపు ప్రతి చోటినీ మళ్లీ చూసి, నేల సెంటీమీటర్ల లెక్కన కుంగినా లేచినా పట్టేస్తుంది. వరద నీరు ఎంతవరకు వచ్చిందో, పొలంలో తేమ ఎంత ఉందో చెబుతుంది. సమాచారం అందరికీ ఉచితం. ఇక్కడ ఉచితం అన్న మాటకు నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ఎవరు ఎంత కట్టారో కాగితం మీద ఉంది.

మబ్బులోంచి చూడగలగడం గురించి నేను ఇంతగా చెప్పడానికి కారణం నా ఊరు. నాగాయలంక దగ్గర పల్లె మాది. 1977 నవంబరు 19న నాకు పదిహేనేళ్లు. దివిసీమ ఉప్పెన గురించి పుస్తకాల్లో చదివిన వాళ్లు ఉంటారు, నేను మా మేడ మీది నుంచి చూశాను. సొర్లగొంది వైపున్న మా మేనత్త ఇంట్లో ఏడుగురు ఉండేవారు, ఒక్క పిల్లవాడు మిగిలాడు. తాటి చెట్టు పట్టుకుని బతికాడు. ప్రభుత్వ లెక్క ప్రకారమే చనిపోయినవాళ్లు పదివేల పైమాట. సముద్రంలో ఏం లేస్తోందో, అది ఎటు తిరుగుతోందో పైనుంచి చూడటానికి అప్పటికి మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు.

1983లో వాతావరణాన్ని కూడా చూసే ఉపగ్రహం ఇన్సాట్-1బి వెళ్లింది. 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని, దాదాపు అంత బలంతో మరో తుఫాను తాకింది. అప్పుడు నేను దివి ప్రాంతంలోనే ఒక చిన్న సబ్ ట్రెజరీలో ఉన్నాను. ఈసారి ముందే తెలిసింది. లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపు. ఎక్స్‌గ్రేషియా బిల్లులు నా బల్ల మీదుగానే వెళ్లాయి. ఒక్కో బిల్లు ఒక్కో మనిషి, కాబట్టి వెయ్యి లోపు అన్నది చిన్న సంఖ్య అని నేను అనను. కానీ 1977లో ఆ బిల్లులు రాయాల్సి వచ్చి ఉంటే ఎన్ని కట్టలు అయ్యేవో ఊహించగలను.

ఈ తేడా మొత్తాన్ని ఉపగ్రహం ఖాతాలో వేస్తే అది తప్పుడు పద్దు. తుఫాను షెల్టర్లు కట్టారు, ఊళ్లకు వెళ్లి రానన్న ముసలివాళ్లను మోసుకొచ్చిన గ్రామ ఉద్యోగులున్నారు, పోలీసులున్నారు. పైనుంచి ఎంత స్పష్టంగా కనిపించినా కింద తలుపు తట్టే మనిషి లేకపోతే ఉపయోగం లేదు. అయినా ఆ మనిషికి ఎటు వెళ్లి ఏ తలుపు తట్టాలో ఒకటి రెండు రోజుల ముందు చెప్పగలగడమే ఆ ఖర్చు సంపాదించి పెట్టింది. ఈ ఒక్క బిల్లును నేను అభ్యంతరం లేకుండా పాస్ చేస్తాను. ఇన్నేళ్ల ఖర్చును కలిపి తెచ్చినా చేస్తాను.

మధ్యలో ఒక అకౌంటెంటు గొణుగుడు, ఓపిక లేనివాళ్లు ఈ పేరా వదిలేయండి. నేను చెప్పిన 96 రూపాయల్లో కొంత తేడా ఉంది. 2024 ఫిబ్రవరిలో పంపిన వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్ ఖర్చు భూవిజ్ఞాన శాఖ భరించింది, అంతరిక్ష శాఖ కాదు. అంటే తుఫాను కళ్లకు పెట్టిన ఖర్చు కోసం అంతరిక్ష పద్దు ఒక్కటే చూస్తే పూర్తిగా దొరకదు. అలాగే 2024లో ఇస్రో తానే చేయించిన ఒక అధ్యయనం, రూపాయి పెడితే రెండు రూపాయల యాభై నాలుగు పైసల ప్రయోజనం వచ్చిందని తేల్చింది. నిజమే కావచ్చు. ఖర్చు పెట్టినవాళ్లు తెచ్చిన వోచరును వాళ్ల సంతకంతోనే పాస్ చేయడం మాత్రం నాకు అలవాటు లేదు, అందుకే దాన్ని నా లెక్కలో కలపలేదు.

చంద్రుడి సంగతి. ఇళ్లు లేని వాళ్లుండగా చంద్రుడి మీదికి ఎందుకు అని మా వీధిలో చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. చంద్రయాన్-3కి అయిన ఖర్చు సుమారు 615 కోట్లు, తలకు నాలుగు రూపాయల నలభై పైసలు. 2025-26లో ఉపాధి హామీ పథకానికి కేటాయించింది 86,000 కోట్లు. చంద్రయాన్ మానేసి ఆ డబ్బు అక్కడ కలిపితే ఉపాధి కూలీకి దక్కేది వంద రూపాయలకు డెబ్బై పైసల చొప్పున. ఆ కూలీకి అందాల్సిన డబ్బు ఆలస్యమవడానికి కారణాలు నాకు తెలుసు, వాటిలో చంద్రుడు లేడు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ దిగినప్పుడు మా అపార్టుమెంటు వాచ్‌మన్, మేమంతా ఒకే టీవీ ముందు నిలబడ్డాం. ఆ నాలుగు రూపాయల నలభై పైసలు అతనూ కట్టాడు. సబ్బు మీదో టూత్‌పేస్టు మీదో కట్టిన పన్నులో ఎక్కడో ఉంటుంది. వాపసు ఇమ్మంటావా అని నవ్వుతూ అడిగితే, వద్దమ్మా, ఉంచుకోమనండి అన్నాడు.

మనిషిని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ బిల్లును మాత్రం నేను పక్కన పెట్టాను. తిరస్కరించలేదు, ఆపాను. 2018లో మంజూరైనప్పుడు పదివేల కోట్ల లోపు. 2022 నాటికి మనిషిని పంపుతామన్నారు. 2024లో అంచనా సవరించి, అంతరిక్ష కేంద్రం మొదటి భాగాన్ని కూడా కలిపి 20,193 కోట్లు చేశారు. తలకు 144 రూపాయలు. పని మధ్యలో పరిధి పెంచి సవరించిన అంచనా తేవడం రోడ్లు వేసేవాళ్ల దగ్గర, కాలవలు తవ్వేవాళ్ల దగ్గర ఎన్నోసార్లు చూశాను. ప్రాణాలతో కూడిన పని కాబట్టి ఆలస్యం తప్పంటే నేను ఒప్పుకోను. 2019లో లెక్కింపు ఆపినందుకు మెచ్చుకున్నదాన్ని, ఇప్పుడు తొందర పెట్టలేను. కానీ దివిలో తుఫానును చూసిన కన్ను ఏం చేసిందో నాకు చూపించినట్టు, మనిషి పైకి వెళ్లడం వల్ల నాగాయలంకకు ఏం వస్తుందో ఇంకా ఎవరూ చూపించలేదు. చూపించిన రోజున సంతకం పెడతాను.

అసలు అభ్యంతరం ఇంకొకటి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం జరిగింది. రాకెట్ పని రాకెట్ చేసింది, ఎన్‌వీఎస్-02 ఉపగ్రహంలో ఒక కవాటం తెరుచుకోక అది చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమై, ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది. వైఫల్యాలకు నేను భయపడను. 1979లో మొదటి ఎస్‌ఎల్‌వీ-3 సముద్రంలో పడిన ఏడాదికే రెండోది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. నాకు కావలసింది విచారణ నివేదిక. ఏ దశలో, ఏ భాగంలో, ఎందుకు అన్నది రక్షణ రహస్యాలు తీసేసి అయినా సరే, తలకు 96 కట్టినవాళ్లు చదువుకునేలా పెట్టాలి. సీ61 నివేదికను నేను ఇది రాస్తున్న నాటికి బయట పెట్టలేదు. చిన్న ఊరి పాఠశాల మరుగుదొడ్డికి కూడా వినియోగ పత్రం అడిగిన దాన్ని, దీనికి అడగకుండా ఉండలేను.

నక్షత్రాలు ఇవ్వాలంటే అయిదుకు నాలుగు. తగ్గించిన ఒక్కటీ గ్యాలరీకి సంబంధించింది కాదు, ఆ నివేదికకు. నివేదిక పెడితే వెనక్కి ఇచ్చేస్తాను.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. నమోదు ఎప్పుడు తెరుస్తారో ఇస్రో ప్రకటన చూస్తూ ఉండాలి, పిల్లలకు అప్పజెప్పండి, వాళ్లే చూసుకుంటారు. ప్రయోగం వాయిదా పడవచ్చు, తిరుగు ప్రయాణం టికెట్లు గట్టిగా కట్టుకోకండి. ముందురోజు రాత్రి మేము దిగిన లాడ్జి పేరు రాయను, ప్రయోగం ఉందని తెలిసి అద్దె రెండింతలు చేశారు, రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నారు. నేను కౌంటరు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడ్డాను. పుస్తకం దొరికింది.

తిరుగు దారిలో పులికాట్ మీద చీకటి పడుతుండగా నాగాయలంక నుంచి అన్నయ్య ఫోను చేశాడు. అతనికి ఆరు ఎకరాల రొయ్యల చెరువులు. అంతరిక్షం మీద ఎప్పుడూ సదభిప్రాయం లేదు.

"చూశావా అమ్మాయ్?"

"చూశాను అన్నయ్యా. మొత్తం ప్రాజెక్టులో మన వాటా తలకు అయిదు రూపాయల అరవై పైసలు."

"అంత డబ్బు పెట్టి పైకి పంపారు కదా, వచ్చే నెల రొయ్య ధర ఎంత పడుతుందో చెబుతుందేమో కనుక్కో. అది చెప్పే ఉపగ్రహానికయితే నేను ఒక్కణ్నే వెయ్యి రూపాయలు కడతాను."

నేను నిసార్ గురించీ, నేల తేమ గురించీ చెప్పబోతే మధ్యలోనే ఆపాడు.

"సరే, ఉంటాను. రాత్రికి వాన అని ఫోనులో హెచ్చరిక వచ్చింది. చెరువులకు మేత తగ్గించమని కుర్రాళ్లకు చెప్పాలి."